ఆపడం వచ్చాకే బండి వచ్చినట్టు
కోనసీమలో మోటార్‌సైకిల్ శిక్షణ, రక్షణ సామగ్రి: ఒక సమీక్ష

గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న కోనసీమలో బండి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. అమలాపురానికి ఇప్పటికీ రైలు రాలేదు. కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. బస్సు మెయిన్‌రోడ్డు మీద దించేస్తే, అక్కడినుంచి లోపలి ఊరికి, లంకకి, చెరువుగట్టుకి వెళ్లడానికి బండే దిక్కు. రొయ్యల చెరువుకి మేత బస్తా, రావులపాలెం మార్కెట్టుకి అరటి గెల, అంబాజీపేటకి కొబ్బరికాయలు, కాలేజీకి పిల్లలు, ఆస్పత్రికి పెద్దవాళ్లు, అంతా ఈ రెండు చక్రాల మీదే.

ఇంతగా ఆధారపడ్డ వాహనాన్ని మనం ఎవరి దగ్గర, ఎలా నేర్చుకుంటున్నాం? నేర్చుకున్నాక ఒంటిమీద ఏం వేసుకుని రోడ్డెక్కుతున్నాం? మొదటి ప్రశ్నను లైసెన్సుతోనూ, రెండోదాన్ని పోలీసు చలానాతోనూ ముడిపెట్టి వదిలేయడం మనకు అలవాటైపోయింది. నిజానికి రెండు చోట్లా లోటు ఒక్కటే. బండి కదిలించడం వస్తే చాలనుకుంటున్నాం. ఆపాల్సి వచ్చినప్పుడు, ఆపలేక పడిపోయినప్పుడు ఏమవుతుందో ముందుగా ఆలోచించడం లేదు.

ఆలోచించకపోతే ఏమవుతుందో లెక్కలు చెబుతాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. అంటే నూటికి 44 మందికి పైనే. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడిపినవాళ్లు కారు, వెనక కూర్చున్నవాళ్లు.

నేర్పేది ఎవరు?

కారు నేర్పే డ్రైవింగ్ స్కూలు ప్రతి పట్టణంలోనూ ఉంది. గేరు బండి నేర్పే స్కూలు కావాలంటే మాత్రం కోనసీమలో దొరకడం కష్టం. ఇక్కడ గురువు అన్నయ్యో, మేనమామో, పక్కింటి కుర్రాడో. చోటు హైస్కూలు గ్రౌండు, పుంతరోడ్డు, లేదంటే ఏటిగట్టు. సాయంత్రం పూట ఏ ఊరు వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. ముందు కూర్చున్న కుర్రాడు క్లచ్ ఒక్కసారిగా వదులుతాడు. బండి గెంతి ఆగిపోతుంది.

“మావయ్యా, మళ్లీ ఆగిపోయింది.”

“ఒక్కసారే వదిలేత్తే ఆగిపోద్దిరా. మెల్లగా వదులు, కొంచెం రైజివ్వు. ఆ... అదీ!”

నాలుగు రోజులు తిరిగేసరికి కుర్రాడు గేర్లన్నీ వేసేస్తాడు. బండి వచ్చేసిందని ఇంట్లో అందరికీ చెబుతారు. మావయ్య నేర్పినంతవరకూ తప్పేమీ లేదు. ఓపికగా, ప్రేమగా నేర్పాడు. నేర్పకుండా వదిలేసినవే పెద్దవి. హఠాత్తుగా ఆపడం, మలుపులో చూపు ఎక్కడ నిలపాలన్నది, తడి రోడ్డు మీద నడపడం, వెనక మనిషి ఎక్కాక మారే తూకం, ఇవేవీ ఆ పాఠాల్లో లేవు. పైగా చాలామంది గురువులు చెప్పే ఒక మాట మరీ ప్రమాదకరం: “ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్.” ఆ మాట జీవితాంతం చేతివేళ్లలో ఉండిపోతుంది.

ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకోవడం మన ఊళ్లకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశోధించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాల పాలైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, కుటుంబ సభ్యులు, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. సగానికి పైగా జనానికి, రోడ్డు మీద ఏళ్ల అనుభవం ఉన్నా, ఆ ఫలానా బండి మీద అనుభవం ఐదు నెలల్లోపే. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఎక్కువమంది వెనక బ్రేకును బలంగా తొక్కి చక్రాన్ని జార్చుకున్నారు, ముందు బ్రేకును చాలినంత నొక్కలేదు. నలభై ఏళ్ల కిందటి ఆ నివేదిక చదువుతుంటే మన ఊరి కుర్రాళ్ల గురించే రాసినట్టుంటుంది.

అక్కడి ప్రభుత్వాలూ సంస్థలూ దీన్నుంచి పాఠం నేర్చుకున్నాయి. అమెరికాలో బండి నడపడం నేర్పడానికే 1973లో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఏర్పడింది. బ్రిటన్‌లో 1990 నుంచి ప్రాథమిక శిక్షణ పూర్తిచేయనిదే కొత్తవాళ్లు రోడ్డెక్కకూడదు. మన దగ్గర నేర్చుకునే బాధ్యత పూర్తిగా నేర్చుకునేవాడి మీదే ఉంది. పరీక్ష మాత్రమే ప్రభుత్వం చేతిలో ఉంది.

ఆ పరీక్ష సంగతీ చూద్దాం. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. ముందు ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకోవాలి, అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సుకు వెళ్లాలి. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. వెనక కూర్చునేది లైసెన్సు ఉండి నేర్పే మనిషే తప్ప ఇంకెవరూ కాకూడదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 15వ నిబంధన చదివితే, అత్యవసరంగా ఆపడం కూడా పరీక్షించాల్సిన నైపుణ్యాల్లో ఉంది. మైదానంలో మాత్రం అందరికీ గుర్తుండేది బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు కాలు కింద పెట్టకుండా ‘ఎనిమిది’ తిప్పడమే. ఎనిమిది వేయడం మంచి పాఠమే, నెమ్మదిగా వెళ్తూ తూకం నిలపడం నేర్పుతుంది. అది సగం పాఠం. మిగతా సగం మనమే నేర్చుకోవాలి.

పదహారేళ్ల పిల్లల విషయంలో పెద్దలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ వయసుకు చట్టం ఇచ్చే అనుమతి 50 సీసీ లోపు గేరు లేని బండికే, అదీ తల్లిదండ్రుల సమ్మతితో. ఇప్పుడు షోరూముల్లో కనిపించే స్కూటీలు, చివరికి టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా, అంతకన్నా పెద్ద ఇంజన్లవే. కాబట్టి ఇంటర్ చదివే పిల్లవాడికి పెట్రోలు బండి తాళం ఇచ్చామంటే చట్టాన్ని దాటినట్టే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

బ్రేకు పాఠం

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. కన్ను చూసి, చెయ్యి కదిలేలోపే ఇంచుమించు ఒక సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు దాటేశాం. అక్కడినుంచి పొడి తారురోడ్డు మీద, రెండు బ్రేకులూ చక్కగా వాడితే ఇంకో 20 మీటర్లకు అటూ ఇటూగా ఆగవచ్చు. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ దూరం దాదాపు రెట్టింపవుతుంది.

కారణం తేలికే. బండి వేగం తగ్గుతున్నప్పుడు బరువు ముందుకి వాలుతుంది. ముందు టైరు రోడ్డుకి గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలిక పడుతుంది. తేలికపడ్డ చక్రాన్ని బలంగా తొక్కితే అది తిరగడం మానేసి జారుతుంది. పట్టు ఉన్న ముందు చక్రాన్ని వాడుకోకపోతే బండి ఆగదు. పల్టీ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, బ్రేకు లీవరును ఒక్క గుంజు గుంజడం వల్ల, లేదా హ్యాండిల్ తిరిగి ఉండగా, ఇసుక మీద ఉండగా నొక్కడం వల్ల. హ్యాండిల్ తిన్నగా ఉంచి, మొదట మెత్తగా నొక్కి, బరువు ముందుకి వచ్చాక బలం పెంచుకుంటూ పోతే బండి నిలబడి ఆగుతుంది.

2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, మరుసటి ఏప్రిల్ నుంచి మిగతా అన్నిటికీ 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆలోపు అయితే సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. సీబీఎస్ ఒక బ్రేకు వేస్తే రెండోదానికీ కొంత బలం పంచుతుంది. ఈ రెండూ మనిషికి సాయం మాత్రమే. పైగా మన ఊళ్లలో తిరిగే బళ్లలో 2018కి ముందువి ఇంకా చాలా ఉన్నాయి. వాటికి ఏ సాయమూ లేదు.

అందుకే నేర్చుకునే వరుస మార్చుకోవాలి. మొదట ఇంజన్ ఆపి బండిని నెట్టడం, స్టాండు వేయడం, పక్కకి ఒరిగితే నిలబెట్టడం. తర్వాత క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో వేళ్లకి తెలిసేదాకా మొదటి గేరులోనే కదలడం, ఆగడం. ఆపైన నడక వేగంలో మలుపులు, ఎనిమిది. ఆ తర్వాత ఖాళీ గ్రౌండులో 20, 30, 40 కిలోమీటర్ల వేగాల నుంచి గుర్తు పెట్టుకున్న గీత దగ్గర ఆపడం. ఇది తప్పకుండా రావాలి. ఇది రాకుండా మూడో గేరు, నాలుగో గేరు నేర్పకూడదు. రోడ్డు, రాత్రి, వాన, వెనక మనిషి, ఈ వరుసలో ఒక్కొక్కటీ కలపాలి. స్కూటీ నేర్చుకునే ఆడపిల్లలకీ ఇదే వరుస. గేర్లు లేవు కాబట్టి త్వరగా వచ్చేస్తుందని, కాళ్లు రెండూ నేలకి ఈడుస్తూ ఆపే అలవాటు చేసేస్తున్నారు. ఆపాల్సింది చేతులతో, కాళ్లతో కాదు.

కోనసీమ రోడ్డు అడిగేది

ఏ పుస్తకంలోనూ లేని పాఠాలు మన రోడ్లు అడుగుతాయి. ఎదుర్లంక నుంచి ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా దిండి వరకూ సాగే 216వ జాతీయ రహదారి ఒక రకం. లారీలు, రొయ్యల వ్యాన్లు, ఆటోలు, పక్కనే ఊరు. లోపలి రోడ్లు ఇంకో రకం. ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క బోదె లేదా చేను, మధ్యలో కారు, ఆటో ఎదురుపడితే ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగాల్సినంత సన్నటి తారు. చాలాచోట్ల కాలువ వైపు రెయిలింగు ఉండదు.

కాలువ పక్కన నడిపేటప్పుడు మొదటి సూత్రం చూపు. కన్ను ఎటు చూస్తే బండి అటే పోతుంది. భయంతో కాలువ అంచునే చూస్తూ నడిపినవాడు అంచుకే చేరుతాడు. ముప్పై, నలభై మీటర్ల ముందు, తాను వెళ్లాల్సిన చోటునే చూడాలి. మలుపులో మలుపు చివర చూడాలి. తారు అంచు దిగి మార్జిన్‌లోకి వెళ్లాల్సి వస్తే వేగం ముందే తగ్గించుకుని, బ్రేకు వదిలి దిగాలి. మళ్లీ తారు ఎక్కేటప్పుడు అంచుకి సమాంతరంగా ఎక్కితే టైరు జారుతుంది. కాస్త అడ్డంగా తిప్పి ఎక్కాలి.

సార్వా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రైతుకి కళ్లం కరవైంది నిజమే, బాధా నిజమే. కానీ టైరు కింద ధాన్యపు గింజ గోళీలా దొర్లుతుంది. ఆ మీద బ్రేకు వేస్తే ఎంతటివాడైనా పడాల్సిందే. రాశి చుట్టూ పెట్టిన రాళ్లు చీకటిపడితే కనిపించవు. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన బురద మొదటి చినుకుకే జారుడు పూత అయిపోతుంది. దింపు తీసిన చోట కొబ్బరి మట్టలు, డొక్కలు పడి ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్తే గాలికి కొట్టుకొచ్చిన ఇసుక. వీటన్నిటికీ మందు ఒకటే. వాటికి ముందే వేగం తగ్గించాలి, వాటి మీద ఉన్నప్పుడు బ్రేకు, రైజు, మలుపు ఏదీ హఠాత్తుగా చేయకూడదు.

ఇసుక ఎంతపని చేస్తుందో తెలుగునాట అందరికీ తెలిసిన సంఘటన ఒకటుంది. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో, కేబుల్ వంతెన దాటాక, నటుడు సాయిధరమ్ తేజ్ నడుపుతున్న బైకు రోడ్డు మీది ఇసుకలో జారి పడింది. తీవ్రంగా గాయపడి, రోజుల తరబడి ఆస్పత్రిలో ఉన్న ఆయన కోలుకుని మళ్లీ సినిమాలు చేస్తున్నారు. ఆ సమయంలో ఆయన తలకి హెల్మెట్ ఉంది. ఆ తర్వాత ఆయన అనేక వేదికల మీద హెల్మెట్ గురించి అభిమానులకు చెబుతూ వస్తున్నారు.

నది దాటించే పంటు మీద బండి ఎక్కించడం మన దగ్గర కనిపించే ఇంకో పరీక్ష. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో, సఖినేటిపల్లి–నర్సాపురం రేవులో పలకలు తడిగా, ఏటవాలుగా ఉంటాయి. వెనక మనిషిని దించాలి. మొదటి గేరులో, హాఫ్ క్లచ్ మీద, తిన్నగా ఎక్కాలి. ఎక్కాక గేరులో వదిలి స్టాండు వేయాలి. కొత్తవాళ్లు సిగ్గుపడకుండా పంటు కుర్రాళ్ల చెయ్యి అందుకోవడమే మంచిది.

తల

హెల్మెట్ వాడకం పెరగడం వెనక ఒక మరణం ఉంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులో ఒక పల్లె రోడ్డు మీద వెళ్తూ, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ తగిలి ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. చికిత్స చేసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ఆ మరణాన్ని మరచిపోలేదు. సైన్యంలో మోటార్‌సైకిళ్ల మీద ఉత్తరాలు చేరవేసే సైనికుల తలగాయాలను అధ్యయనం చేసి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం వాళ్లకి హెల్మెట్ తప్పనిసరి చేసింది.

ఆ తర్వాత ప్రపంచమంతా జరిగిన అధ్యయనాలను 61 వరకూ సేకరించి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2008లో సమీక్షించింది. హెల్మెట్ మరణాన్ని దాదాపు 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. హెల్మెట్ పెడితే హారన్ వినబడదు, పక్కలు కనబడవు అనే వాదనను హర్ట్ నివేదిక అప్పుడే పరీక్షించి, ప్రమాదానికి హెల్మెట్ కారణమైన ఆనవాలేదీ లేదని చెప్పింది.

మన ఊళ్లో తరచూ వినిపించేది ఇంకో వాదన: “ఇక్కడిక్కడే కదండీ, ఎంత స్పీడులో వెళ్తాం.” ఆగి ఉన్న బండి మీంచి పక్కకి ఒరిగి పడినా, మనిషి ఎత్తు నుంచి నేలకు తగిలే తల గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. భూమ్యాకర్షణ లెక్క అది. సిమెంటు రోడ్డుకి, తూము అంచుకి ఆ వేగం చాలు. ఊళ్లో వెళ్లేటప్పుడు హెల్మెట్ అక్కర్లేదన్న మాట నిలవదు.

హెల్మెట్‌లో ప్రాణం కాపాడే భాగం పైన మెరిసే డిప్ప కాదు, లోపలి థర్మోకోల్. డిప్ప దెబ్బను పరుస్తుంది, గుచ్చుకోకుండా ఆపుతుంది. థర్మోకోల్ నలిగి, ఆ నలగడంలో దెబ్బ బలాన్ని మింగుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ పొంగదు. అందుకే గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా పారేయాలి. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకు మార్చాలి. పెట్రోలుతో తుడవడం, రంగులేయడం వల్ల లోపల పాడవుతుంది.

మన దేశంలో ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారీ, అమ్మకం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్క తాడుకి వేలాడదీసి రెండు, మూడు వందలకి అమ్మేవి ఇంకా కనిపిస్తున్నాయి. గుర్తును స్టిక్కరుగా అంటించడం ఎవరైనా చేయగలరు. దాని కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు పేరు వస్తుంది. ఆ పేరు, హెల్మెట్ మీది పేరు కలవకపోతే కొనకూడదు. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుదేనని 138వ నిబంధన చెబుతోంది. షోరూములో అడిగి తీసుకోవాలి.

సైజు సంగతి చాలామంది పట్టించుకోరు. కనుబొమల మీద ఒక అంగుళం పైన టేపు చుట్టి కొలవాలి. కొలత మిల్లీమీటర్లలో హెల్మెట్ లోపల రాసి ఉంటుంది. మీడియం, లార్జ్ అనే అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి అంకె చూడాలి. షాపులో జరిగే సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది.

“కొంచెం బిగుతుగా ఉందండీ, పెద్ద సైజు ఇవ్వండి.”

“బుగ్గల దగ్గర బిగుతు ఉండాలండి. నుదురు నొప్పి పెడతంటే చెప్పండి, అప్పుడు మారుద్దాం. వారం వాడితే మెత్త సర్దుకుంటాది.”

అలా చెప్పే షాపతను మంచివాడు. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కదలాలి. స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగితే ఊడి రాకూడదు. గడ్డం కింద స్ట్రాప్‌లో ఒక వేలు, మహా అయితే రెండు దూరాలి. స్ట్రాప్ పెట్టని హెల్మెట్ ప్రమాదంలో తలకన్నా ముందే ఎగిరిపోతుంది. చలానా తప్పించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ముఖమంతా కప్పేది మేలా, సగం ముఖానిది మేలా? జర్మనీలో హెల్మెట్ల మీద దెబ్బలు ఎక్కడ తగిలాయో లెక్కగట్టిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు గడ్డం, దవడ భాగంలోనే ఉన్నాయి. కాబట్టి నిండు హెల్మెట్‌కే నా ఓటు. తలపై టోపీలా కూర్చునే సగం డిప్పలు వద్దే వద్దు. మన ఉక్కపోతకు గాలి రంధ్రాలు ఉన్నవి, లోపలి మెత్త ఊడదీసి ఉతుక్కునేవి ఎంచుకోవాలి. వారానికోసారి ఉతికితే వాసన రాదు, వాసన రాకపోతే పెట్టుకోబుద్ధవుతుంది. కింద పలచటి నూలుగుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది. వైజరు తెల్లదే ఉండాలి. నల్ల వైజరుతో రాత్రి ఏటిగట్టు మీద నడపడం కళ్లకు గంత కట్టుకున్నట్టే. ఇవన్నీ ఉన్న ఐఎస్ఐ హెల్మెట్ వెయ్యి, పదిహేను వందల రూపాయల నుంచి దొరుకుతోంది. అంతకుమించి పెట్టగలిగితే ఐరోపా ఈసీఈ 22.06 ప్రమాణం కూడా ఉన్నవి చూడొచ్చు. ఆ స్తోమత లేనంతమాత్రాన లోటేమీ లేదు. సరిపోయే ఐఎస్ఐ హెల్మెట్ స్ట్రాప్ బిగించి పెట్టుకుంటే చాలు.

ఉక్క సాకు చెప్పేవారు వియత్నాం వైపు చూడాలి. అదీ మనలాంటిదే. వరి, కాలువలు, వేడి, వాన, ఇంటింటా చిన్న బళ్లు. 2007 డిసెంబరు 15 నుంచి అక్కడ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేస్తే, వారాల్లోనే నూటికి తొంభై మందికి పైగా పెట్టుకోవడం మొదలెట్టారు. రోడ్డు మరణాలు తగ్గాయి. తర్వాత వాళ్లకి ఎదురైన సమస్య నాసిరకం హెల్మెట్లు, బిగించని స్ట్రాపులు. మనం ఆ రెండు తప్పులనూ ముందే దిద్దుకోవచ్చు.

మిగతా ఒళ్లు

హెల్మెట్ తర్వాత డబ్బు దేనికి పెట్టాలి? ఆస్ట్రేలియాలో ప్రమాదాల పాలైన బండివాళ్ల మీద 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం రైడింగ్ జాకెట్, ప్యాంటు, గ్లౌజులు వేసుకున్నవాళ్లు ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం తగ్గింది. మామూలు బూట్లు కూడా చెప్పులకన్నా ఎంతో నయం. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకి చాస్తారు. అరచేతి చర్మం లేచిపోతే దింపు కార్మికుడికి, వడ్రంగికి, టైలరుకి నెలల తరబడి పని ఉండదు. అందుకే నా వరుస ఇది: హెల్మెట్, మడమ కప్పే బూట్లు, గ్లౌజులు, ఆ తర్వాత జాకెట్.

జాకెట్‌కు మన దగ్గర హెల్మెట్‌లా తప్పనిసరి ఐఎస్ఐ గుర్తు లేదు. కాబట్టి ఐరోపా గుర్తులు చూసుకోవాలి. బట్ట రాపిడికి ఎంత తట్టుకుంటుందో ఈఎన్ 17092 చెబుతుంది. ఏఏఏ మేలైనది, తర్వాత ఏఏ, ఏ. భుజాలు, మోచేతుల దగ్గరి రక్షణ బిళ్లలకు ఈఎన్ 1621 గుర్తు, అందులో రెండో స్థాయి మేలు. మన వాతావరణానికి తోలు జాకెట్ పనికిరాదు. గాలాడే మెష్ జాకెట్ చాలు. ఉక్కకి తట్టుకోలేక మేకుకి తగిలించేదైతే కొన్నా ఉపయోగం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి 2018లో మొదలుపెట్టిన మోటోక్యాప్ కార్యక్రమం జాకెట్లకి రక్షణతో పాటు గాలాడే గుణానికి కూడా మార్కులు వేస్తోంది. రోజూ వేసుకోగలిగినదే రక్షణ అన్న నమ్మకం దాని వెనక ఉంది.

రోజూ పది కిలోమీటర్ల లోపు తిరిగేవాడు జాకెట్ కొనలేకపోతే దళసరి జీన్సు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా, బూట్లు వేసుకోవడం కనీసం. విశాఖకో విజయవాడకో బండి మీద వెళ్లే కుర్రాళ్లకి మాత్రం జాకెట్ తప్పదు. వానాకాలం రెయిన్‌కోటు నల్లది కాకుండా పసుపుదో నారింజదో కొనాలి. బండి వెనక ఎర్ర రిఫ్లెక్టరు పగిలితే వెంటనే వేయించాలి.

వెనక కూర్చున్నవాళ్లు

14,337 మంది అన్న అంకె మళ్లీ ఒకసారి చూడాలి. హెల్మెట్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెబుతోంది. ఉల్లంఘనకు వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. 2024లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ నిబంధనను గట్టిగా అమలు చేయాలని ఆదేశించింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకీ హెల్మెట్, నాలుగేళ్ల లోపువాళ్లకి నడిపే మనిషితో కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. పిల్లవాణ్ని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వెళ్లడం మన ఊళ్లలో ముద్దుగా అనిపిస్తుంది. హఠాత్తుగా బ్రేకు వేస్తే హ్యాండిల్‌కి, నాన్న బరువుకి మధ్య నలిగేది ఆ పసివాడే.

ఆడవాళ్ల విషయంలో చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకోవడం ప్రాణం తీసే ప్రమాదం. వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, పాదం పెట్టే మెట్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే కవచం ఉండాలని 123వ నిబంధనలోనే ఉంది. అందంగా లేదని శారీగార్డు విప్పించేస్తున్నారు. అది విప్పకండి. చున్నీని రెండువైపులా నడుముకి ముడి వేసుకుని ఎక్కండి.

చివరిగా

ఈ సమస్యకు ప్రభుత్వం చేయాల్సింది ఉంది. కాలువ గట్లకి రెయిలింగులు, ధాన్యం ఆరబోతకి ఊరూరా కళ్లాలు, పరీక్షలో ఎనిమిదితో పాటు బ్రేకు పరీక్ష, ప్రతి మండలంలో గేరు బండి నేర్పే ఒక మైదానం కావాలి. అవి వచ్చేదాకా మన చేతుల్లో ఉన్నదీ తక్కువేమీ కాదు. హైస్కూలు గ్రౌండులో సున్నంతో ఒక గీత గీసి, ఆ గీత దగ్గర 40 కిలోమీటర్ల వేగం నుంచి నిలబెట్టి ఆపగలిగినవాడికే రోడ్డెక్కే అనుమతి ఇవ్వండి. బండికి అంత డబ్బు పెట్టాం కాబట్టి, ఇంట్లో ఎంతమంది ఆ బండి ఎక్కుతారో అన్ని హెల్మెట్లు కొనండి. తాళంచెవి పక్కనే హెల్మెట్లు తగిలించండి. మేనమామలకీ అన్నయ్యలకీ నా మనవి ఒక్కటే. ఈసారి పిల్లలకి బండి నేర్పేటప్పుడు “ముందు బ్రేకు ముట్టుకోకు” అనకండి. దాన్ని ఎలా వాడాలో నేర్పండి.